మామూలు చుక్కలే

నా నోటి నుంచి ఒకప్పుడు రెండు మాటలు వచ్చాయి. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఆ రెండు మాటల్నే. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరిదీ దోచుకోలేదు, పోలీస్ స్టేషన్‌లో రాసుకోవడానికి పనికొచ్చేదేదీ చేయలేదు. కానీ ఆ రెండు మాటల వల్ల ఒక మనిషి తన చూపు పోవడానికి కన్నతల్లి నెత్తురే కారణమని నమ్ముతూ బతికాడు. ఆ తల్లి కూడా అలాగే నమ్మింది. నేను వాళ్ల పక్కనే ఉన్నాను. ఆమె ఊరి నుంచి పంపిన చింతకాయ తొక్కుతో అన్నం కలుపుకుని తిన్నాను. మా ఇంట్లో వాళ్లకు ఇది చెప్పలేను. నేను పాఠాలు చెప్పే కాలేజీలో అసలే చెప్పలేను. అందుకే ముక్కూ మొహమూ తెలియని మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. హాస్టల్లో నాకో గది ఉండేది. ఏలియా నా గదిలో నాన్-బోర్డర్. క్యాంపస్ సంగతి తెలియనివాళ్లకు ఈ మాట అర్థం కాదు. చదువు అయిపోతుంది, దానితో గది మీద హక్కు పోతుంది, ఉద్యోగం రాకుండా ఊరికి పోవడానికి మొహం చెల్లదు. అలాంటివాళ్లు స్నేహితుడి గదిలో నేల మీద చాప పరుచుకుని పరీక్షలకు చదువుకుంటారు. వార్డెన్‌కూ తెలుసు, మెస్ వాళ్లకూ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఏలియా ఎమ్మే అయిపోయి పోలీస్ ఎస్సై ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. నా కార్డు మీదే అన్నం తినేవాడు. నా కార్డు మీదే లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకునేవాడు. ఎవరైనా వెక్కిరిస్తే, "నేను నాన్-బోర్డర్ కాదు భయ్, ఈ సార్ రూముకు వాచ్‌మన్‌ని" అని నవ్వేవాడు. నా బట్టలు కూడా తన వాటితో కలిపి ఉతికేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

ఈ ఉతకడం గురించి ఎందుకు చెప్పానంటే, అది నాకు ఇష్టంగా ఉండేది. ఒక మనిషి నా దయ మీద ఉన్నాడన్నది నాకు తెలియకుండానే రుచి మరిగిన విషయం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడాది నా కుడికంటికి జబ్బు చేసింది. మామూలు కండ్లకలక కాదు, కంటి లోపల వాపు. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. కంటి ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చింది. అవి నా కన్ను నిలబెట్టాయి. ఈ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు మందుది కాదు. ముందు గంటగంటకూ వేసుకోమంది, తర్వాత మెల్లమెల్లగా తగ్గించమంది, ఒక్కసారిగా ఆపొద్దంది. పిలిచినప్పుడల్లా వచ్చి కంటిలో ఒత్తిడి చూపించుకోమంది. "ఇది మంచి మందే బాబూ, కానీ మా కంటి ముందు ఉండాలి. కొందరికి దీనితో కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటది. నొప్పి ఉండదు, తెలియను కూడా తెలియదు. నీ అంతట నువ్వు వాడొద్దు, వేరేవాళ్లకు ఇవ్వొద్దు" అంది. నేను తల ఊపాను. బాగా విన్నాను. వినలేదని అనుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

ఎండాకాలం మొదలైంది. చదువుకునేవాళ్లంతా చెట్ల కింద, రీడింగ్ హాలు బయట కుర్చీలు వేసుకుని కూర్చునే రోజులు. దుమ్ము. తెల్లవారుజామున ఏలియా క్యాంపస్ రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసేవాడు, పగలంతా పుస్తకం ముందు కూర్చునేవాడు. వాడికి ఏటా ఆ రోజుల్లో కళ్లు దురద పెట్టి ఎర్రబడేవి. ఒకరోజు నలిపీ నలిపీ కళ్లు తెరవలేక వచ్చి కూర్చున్నాడు. హెల్త్ సెంటర్‌కు పోదామంటే వాడికి ఐడీ కార్డు లేదు. నాన్-బోర్డర్‌కు జ్వరమొచ్చినా, కాలు బెణికినా హెల్త్ సెంటర్లో బోర్డర్ పేరే చెప్పాలి, మందు బోర్డర్ పేరు మీదే రావాలి. అది మాకు అలవాటు. నా బల్ల మీద నా చుక్కల సీసా ఉంది. నా కన్ను అప్పటికే నెమ్మదించింది. "ఇది ఏస్కో" అన్నాను.

గంటలో వాడి కళ్లు తెల్లగా అయ్యాయి. అద్దంలో చూసుకుని వాడు మురిసిపోయిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. "అరేయ్ సార్, నీ చెయ్యి మంచిదిరా" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒక్కసారి కాలేదు. దురద వచ్చినప్పుడల్లా అదే. తర్వాత దురద రాకముందే అదే. సీసా అయిపోతే నేనే క్యాంపస్ పక్కనున్న తార్నాకకు పోయి తెచ్చేవాణ్ని. మెడికల్ షాపులో ఖాళీ డబ్బా చూపిస్తే చాలు, ఎవరూ చీటీ అడిగేవారు కాదు. ఆ వేసవి పోయింది, వానాకాలం వచ్చింది, చలికాలమూ వచ్చింది. వాడు ఆ చుక్కలు మానలేదు. మానితే కళ్లు మళ్లీ మండేవి. నేను తెచ్చి ఇవ్వడం మానలేదు. వద్దురా, ఇది స్టెరాయిడ్, ఒకసారి కంటి డాక్టరుకు చూపిద్దాం అని ఒక్క రోజైనా ఎందుకు అనలేదు? అనాలని ఒకటి రెండు సార్లు నోటిదాకా వచ్చింది. అంటే ఇన్నాళ్లూ ఎందుకిచ్చావు అని అడుగుతాడు. అందుకని మింగేశాను. నా తప్పు చిన్నగా ఉన్నప్పుడు చెప్పడానికి సిగ్గుపడ్డాను. పెద్దదయ్యాక చెప్పడానికి భయపడ్డాను. మధ్యలో చెప్పగలిగిన రోజు ఒకటైనా ఉండి ఉంటుంది కదా? ఎంత వెతికినా అది నాకు దొరకదు.

వాడు ఎడమ భుజాన్ని తలుపుకు తగిలించుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ వైపు పెట్టిన చెంబును తన్నేసేవాడు. సాయంత్రం వాలీబాల్ ఆడుతుంటే ఆ వైపు నుంచి వచ్చే బంతి వాడికి అందేది కాదు, అందరూ నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. నేను చూశాను. చూసి చూడనట్టున్నాను. చదివి చదివి అలసిపోయాడు, అంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎస్సై ఉద్యోగం వచ్చింది వాడికి. రాత పరీక్ష, పరుగు అన్నీ గట్టెక్కాడు. లిస్టులో పేరు వచ్చిన రోజు హాస్టల్లో వాణ్ని భుజాల మీదికెత్తుకుని తిప్పాం. ఊరి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి నాతో కూడా మాట్లాడింది. "నీ నీడకే ఉండి కొలువు కొట్టిండు బిడ్డా" అంది. ఇక మిగిలింది మెడికల్ టెస్టు. అక్కడ కళ్లు చూసినాయన, ఎడమ పక్క చూపు సరిగా లేదు, కంటి ఆసుపత్రిలో చూపించుకుని రా అని పంపించేశాడు.

నేనే తీసుకెళ్లాను. పెద్ద గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించారు. లోపల ఎక్కడైనా చిన్న వెలుగు కనిపిస్తే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. నేను అద్దం తలుపు అవతల నుంచి వాడి బొటనవేలే చూస్తూ కూర్చున్నాను. వేలు నొక్కుతుంది, ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. నొక్కరా నొక్కరా అని లోపల్లోపల మొక్కుకున్నాను. అంతసేపు ఆగిందంటే అక్కడ వాడికి వెలుగే కనిపించడం లేదని నాకు తెలిసిపోయింది. డాక్టరమ్మ చెప్పినదంతా అప్పుడే ఒక్కసారిగా మీద పడింది.

తర్వాత డాక్టర్ ముందు కూర్చున్నాం. పెద్దాయన, నెమ్మదస్తుడు. కళ్లలో ఒత్తిడి బాగా పెరిగిందనీ, చూపు నరం చాలావరకు ఎండిపోయిందనీ, దీన్నే గ్లకోమా, నీటికాసులు అంటారనీ, పోయిన చూపు మళ్లీ రాదనీ చెప్పాడు. డాక్టర్ రాసుకుంటూ అడిగాడు.

"ఇంతకుముందు కండ్లల్ల డ్రాప్స్ ఏమన్న వాడినవా? చాలా రోజులు?"

"దుమ్ముకు ఎర్రగయితే ఏస్కున్న సార్. వీడే తెచ్చిచ్చిండు." ఏలియా నా వైపు తిరిగాడు. "ఏం చుక్కలురా అవి?"

"మామూలు చుక్కలే" అన్నాను.

డాక్టర్ కలం ఆపి నన్ను చూశాడు. "మామూలువంటే? పేరేంది? స్టెరాయిడ్ గిట్లయితే గాదు గదా?"

"గాదు సార్. ఎలర్జీకి ఇస్తరు గదా, గవి. పేరు యాదికి లేదు."

ఆయన మరో రెండు క్షణాలు నన్నే చూశాడు. తర్వాత ఏలియాను అడిగాడు, ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా అని. "మా అమ్మోళ్ల నాయినకు పోయింది సార్. ముసలితనంల ఏం కనపడకపోతుండె" అన్నాడు వాడు. అయితే వంశంలోనే ఉండి ఉంటుంది, అమ్మను, చెల్లెలిని కూడా తెచ్చి చూపించు అన్నాడు డాక్టర్.

ఎందుకలా అన్నాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. ఆ మందు నా పేరు మీద రాసింది కాబట్టి నా గది పోతుందని, ఫెలోషిప్ పోతుందని భయపడ్డానా? కొంత అదీ ఉంది. చేతికొచ్చిన కొలువు పోయిన మనిషికి, ఆ కొలువును పోగొట్టింది నేనే అని అదే గదిలో ఎలా చెప్పడం అనుకున్నానా? అదీ ఉంది. కానీ అన్నిటికంటే అడుగున ఉన్నది వేరే. వాడి కళ్లలో నేను మంచివాణ్ని. గది ఇచ్చినవాణ్ని, అన్నం పెట్టినవాణ్ని. ఆ మంచితనాన్ని వదులుకోలేకపోయాను. వాడి చూపు కంటే అదే ముఖ్యమైంది నాకు.

ఆ సాయంత్రమే సీసాను పారేశాను. డాక్టర్ ఇచ్చినవే వేసుకో, ఇవి ఇక వద్దు అన్నాను. ఒత్తిడి తగ్గింది. మందు బాగా పనిచేస్తోందని డాక్టర్ సంతోషించాడు. పనిచేసింది ఆయన మందో, నేను పారేసిన మందో ఆయనకు తెలియదు. ఈ రోజుకీ వాడు ఉదయం, సాయంత్రం ఆ ఒత్తిడి చుక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. అవి వాడికి నిజంగా కావాలో వద్దో చెప్పగలిగే డాక్టరుకు నిజం తెలియాలి. నేను దాన్నీ ఆపాను.

వాళ్లమ్మ కండ్ల పరీక్షకని పట్నం వచ్చింది. ఆమెకు ఏమీ లేదన్నారు. అయినా ఆమె నమ్మలేదు. హాస్టల్ మెట్ల మీద కొడుకు గదుమ పట్టుకుని, "మా పుట్టింటోళ్ల కండ్లు వచ్చినయి బిడ్డా నీకు. నా కడుపున ఎందుకు పుట్టినవ్?" అని ఏడ్చింది. నేను ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చిలో ఇదే ప్రార్థన చేసేదట, నా తప్పు క్షమించు ప్రభువా అని. ఏలియా చెప్పేవాడు, నవ్వుతూనే.

ఏళ్లు గడిచాయి. నేను చదువు పూర్తి చేసి తార్నాకలో కాపురం పెట్టాను. ఏలియా లాలాపేట్‌లో ఉంటున్నాడు. తార్నాకలోనే ఒక కోచింగ్ సెంటర్లో ఫోన్లు ఎత్తి, ఎస్సై పరీక్షలకు వచ్చే పిల్లలకు ఫీజులు, క్లాసుల టైములు చెబుతాడు. పెళ్లయింది. గ్రేసీ అని ఒక పాప, రెండో క్లాసు. పిల్లను కనడానికి కూడా వాడు చాలా కాలం భయపడ్డాడు. పుట్టాక ఏటా దాని కళ్లు చూపిస్తాడు, ఆ రోజు నన్ను తోడు రమ్మంటాడు. నేను వెళ్తాను. రోడ్డు దాటేటప్పుడు వాడు నా మోచేయి పట్టుకుంటాడు. ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. నా మోచేతి మీద వాడి చేయి ఉన్నంతసేపూ చెప్పలేకపోయేవాణ్ని.

మొన్నీమధ్య ఒక సాయంత్రం వాడి నుంచి ఫోన్ వచ్చింది. "అరేయ్ సార్, హాస్టల్ల నాకు తెచ్చిస్తుంటివి గదా, గా చుక్కల పేరేందిరా? గ్రేసీ కండ్లు మస్తు ఎర్రగయినయి, ఒకటే నలుపుకుంటున్నది. గవి ఏస్తే గంటల తెల్లగయితుండె నాయి. తార్నాక మెడికల్ షాపుకాడనే ఉన్న, జల్ది చెప్పు."

ఆగు, ఏదీ కొనకు, నేను వస్తున్నా అన్నాను. ఇంటి నుంచి ఆ షాపుదాకా నడుస్తుంటే, మీతో అబద్ధమెందుకు, నా బుర్ర ఇంకా దారులు వెతుకుతూనే ఉంది. పిల్లను డాక్టరుకు చూపిద్దామంటే సరిపోతుంది. పిల్ల కళ్లు దక్కుతాయి, నేనూ దక్కుతాను. నిజం చెప్పాల్సిన అవసరమే లేదు. అదే అన్నాను కూడా. వాడు ఒప్పుకోలేదు. "మామూలు చుక్కలకు డాక్టరెందుకురా" అన్నాడు. నా మాటే. గొంతు తగ్గించి అడిగాడు. "లేకపోతే నాది వచ్చిందంటవా దానికి? మా అమ్మ నుంచి నాకు, నా నుంచి పోరికి?"

ఇన్నేళ్లలో వాడు భయపడటం నేను అంత దగ్గరగా చూడలేదు. క్యాంపస్ గేటులోపలికి తీసుకెళ్లి ఒక రాతి గట్టు మీద కూర్చోబెట్టాను. నడకకు వచ్చినవాళ్లు మా ముందు నుంచి పోతున్నారు.

"అవి మామూలు చుక్కలు గావు ఏలియా. స్టెరాయిడ్‌వి. నా కంటికి రాసిచ్చినవి. నీ కండ్లు గట్ల అయింది వాటితోనే. పాపకు ఎయ్యొద్దు, నీ బిడ్డ గాబట్టి దానికి గూడ పడకపోవచ్చు."

వాడు అడిగాడు. "నీకెప్పుడు ఎరుకయింది?"

"ఇచ్చేటప్పుడే ఎరుక, ఎవరికి ఇయ్యొద్దని. ఆస్పత్రిల నిన్ను మిషన్ల కూసోబెట్టిననాడు అంత సమజయింది. అయినా డాక్టర్‌కు అబద్ధం చెప్పిన."

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. వాడు నా మోచేతి మీద నుంచి చెయ్యి తీసేసుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. తెర సరిగా కనపడదు కాబట్టి వాడి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. వాళ్లమ్మకు చేశాడు.

"అమ్మా, నా కండ్లది మీ నాయిన నుంచి రాలేదే. నీ దిక్కు నుంచి రాలేదు."

"ఏందిరా, ఏమంటున్నవ్?"

"మందుతోని అయిందట. పడని మందు ఏస్కున్న నేను. నీది తప్పేం లేదమ్మా."

అవతల ముక్కు చీదుకున్నట్టు వినిపించింది. "ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

ఏలియా నా వైపు తిరగలేదు. "ఒకతను చెప్పిండు" అన్నాడు.

"ఎవలో గాని మంచోడు కొడకా. ఇన్నేండ్ల సంది ఎవలన్న చెప్పిరా? ఆయన పిల్లజెల్ల సల్లగుండాలె" అంది ఆ తల్లి.

వాడు ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. పాపను డాక్టరుకు నేను తీసుకెళ్తానన్నాను. వద్దన్నాడు. ఆ ఒక్క మాటే. గేటు వైపు ఒక్కడే నడిచాడు, ఎడమ చెయ్యి కాస్త ముందుకు చాపుకుని. నేను వెనకాలే వెళ్లాను, వాడికి కనపడని ఎడమ పక్కన, కొంచెం దూరంగా. తార్నాక రోడ్డు దగ్గర ఎవరో ఆడమనిషిని అడిగి ఆమెతో పాటు దాటాడు. లాలాపేట్ ఆటో ఎక్కాడు.

ఆ తర్వాత వాడు నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తడం లేదు. పాప కళ్లు ఎలా ఉన్నాయో, పాత డాక్టరుకు నిజం చెప్పాడో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. వాడు క్షమించలేదు, క్షమించమని నేనూ అడగలేదు. అడిగి ఉంటే అది వాడి మీద మరో బరువు పెట్టడమే అయ్యేది. ఆ తల్లి దీవెన మాత్రం నా దగ్గర ఉండిపోయింది, తిరిగి ఇచ్చే దారి లేదు.

ఇంకొక్కటి మిగిలింది, అది కూడా చెప్పేస్తాను. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే ఏం లేదన్నాను. పడుకున్నాను. లాలాపేట్‌లో వాడికి నిద్ర పట్టి ఉండదు. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, తెల్లవారేదాకా మెలకువ రాలేదు.